ట్యాంకు బొమ్మకి ఏ ట్రాక్ వేయాలి? రాయ్‌పూర్ ఎండనే అడగాలి

వేసవి సెలవులకు ముందు జామెట్రీ బాక్సులో తెల్ల రబ్బరునీ ప్లాస్టిక్ స్కేలునీ పక్కపక్కన పెట్టి మూసేసి, బడి తెరిచిన రోజున మళ్ళీ తీసిన వాళ్ళకి ఈ వ్యాసంలో సగం ముందే తెలుసు. రబ్బరు స్కేలుకి అతుక్కుపోయి ఉంటుంది. లాగితే ఊడి వస్తుంది గాని, స్కేలు మీద రబ్బరు ఆకారంలో ఒక గుంటా జిగట మరకా మిగులుతాయి. ఎవరో వేడి వస్తువు తగిలించారనుకుంటాం. నిజానికి ఎవరూ ఏమీ చేయలేదు. రబ్బరు లోపల ఉన్న నూనెలాంటి పదార్థం ఒకటి మెల్లగా స్కేలులోకి నడిచి వెళ్ళింది. కొత్త రబ్బరుకి చుట్టూ అట్ట తొడుగు ఉంటుంది కదా, అది కంపెనీ పేరు అచ్చు వేసుకోవడానికి మాత్రమే కాదు.

పోయిన మే నెలలో ఇదే సంగతి రాయ్‌పూర్‌లో మా ఇంటికి ఒక యుద్ధ ట్యాంకు రూపంలో వచ్చింది.

విజయనగరం నుంచి రైలు మార్గం ఉన్నప్పటి నుంచీ ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకు కొదవ లేదు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా మనిషి. సైన్యంలో ఈఎంఈ విభాగంలో, అంటే సికింద్రాబాదులో శిక్షణ కేంద్రం ఉన్న ఆ మెకానిక్కుల దళంలో, చాలా ఏళ్ళు పనిచేసి రిటైరై, కొడుకు ఉద్యోగం రైల్వేలో కాబట్టి ఇక్కడ స్థిరపడ్డారు. 1973లో చేరారు. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆయన చేతుల్లో గడిచింది టి-54, టి-55 ట్యాంకులతోనే. నేను పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను, తీరిక దొరికితే ప్లాస్టిక్ నమూనాలు కడతాను. పదేళ్ళ కిందట ఆయనకు 1:35 కొలతలో ఒక టి-54 కట్టి ఇచ్చాను. అద్దాల షోకేసులో పెట్టుకున్నారు. ఆ షోకేసు ఉన్నది డాబా మీది గదిలో.

మే నెలలో మనవరాలి చేత పట్టించుకుని వచ్చారు. చక్రాల మీద నల్లటి ట్రాక్ ఉండాల్సిన చోట ఉంది గాని, చక్రాల అంచుల్లోకి పూర్తిగా దిగబడి ఉంది. అది తగిలిన ప్రతి చోటా ప్లాస్టిక్ బెల్లం పాకంలా మెత్తబడి మళ్ళీ గట్టిపడింది. వెనక చక్రం దగ్గర ట్రాక్ తెగిపోయింది కూడా.

“ఏటి మాస్టారూ, బండి కరిగిపోనాదేటి?” అన్నారాయన. “నడవదు సరే, నిలబడనైనా నిలబడాల గదా.”

తప్పు నాది. కిట్టు డబ్బాలో ఏ ట్రాక్ ఇస్తే అది వేసేశాను. అందుకే ఇప్పుడు కొత్త ట్రాక్ ఎంచుకోవడానికి కూర్చున్నప్పుడు ఈసారి కేటలాగు చూసి కాక, కెమిస్ట్రీ ఫిజిక్సు పుస్తకాలు చూసి ఎంచుకుందామనుకున్నాను. నమూనాలు కట్టేవాళ్ళలో ఈ విషయం మీద చర్చ వస్తే ఎక్కువగా వినిపించేది రెండే మాటలు: “ఖరీదైనది లోహపు ట్రాక్, కాబట్టి అదే మంచిది”, లేదా “డబ్బాలో ఉన్నదానికేం, చాలు.” రెండూ తప్పేనని నా అభిప్రాయం. సరైన జవాబు మూడు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. ఆ నిజమైన ట్యాంకు ట్రాక్ ఏ రకం? ఈ నమూనా ఏ ఊళ్ళో, ఏ గదిలో ఉండబోతోంది? దాన్ని ఎవరు కడతారు? ఈ మూడింటిలో రెండోదాన్ని మన దేశంలో దాదాపు ఎవరూ అడగరు.

కరిగిన బొమ్మ వెనక కథ

ముందు కరిగిన సంగతి తేల్చుకుందాం. ప్లాస్టిక్ నమూనా కిట్లు దాదాపు అన్నీ పాలిస్టైరీన్‌తో పోతపోసినవే. స్కేళ్ళలో చాలా రకాలు కూడా ఆ పదార్థమే. డబ్బాలో వచ్చే రబ్బరు బెల్టు లాంటి ట్రాక్ పాత కిట్లలో సాధారణంగా పీవీసీ. పీవీసీ తనంతట తాను గట్టి పదార్థం, ఇంట్లో నీళ్ళ గొట్టంలా. దాన్ని వంగేలా చేయాలంటే అందులో ఫ్తాలేట్ల వంటి ప్లాస్టిసైజర్లు కలుపుతారు. ఇవి పొడవాటి పీవీసీ అణువుల మధ్య దూరి, ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తాయి. ముఖ్యమైన మాట ఏమిటంటే, ఆ ప్లాస్టిసైజర్ పీవీసీతో రసాయన బంధం ఏమీ పెట్టుకోదు. అద్దెకున్నట్టు ఉంటుంది. పక్కింట్లో ఇంకా బాగుంటుందనిపిస్తే సామాను సర్దుకుంటుంది.

పాలిస్టైరీన్ దానికి బాగా నచ్చే పక్కిల్లు. తాకిడి ఉన్న చోటల్లా ప్లాస్టిసైజర్ అటు వ్యాపిస్తుంది. పాలిస్టైరీన్ మామూలుగా సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా గాజులా గట్టిగా ఉండి, ఆపైన మెత్తబడుతుంది. ప్లాస్టిసైజర్ చేరేకొద్దీ ఆ హద్దు దిగుతూ వస్తుంది, చివరికి గది వేడికే మెత్తబడేంతగా. ఇటువైపు ప్లాస్టిసైజర్ పోగొట్టుకున్న పీవీసీ పెళుసెక్కి తెగుతుంది. చక్రం కరగడం, ట్రాక్ తెగడం రెండూ ఒకే ప్రయాణానికి రెండు చివరలు.

వ్యాపనం వేడితో వేగం పుంజుకుంటుంది. మే నెలలో రాయ్‌పూర్‌లో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. డాబా మీది గదిలో, మూసిన అద్దాల షోకేసులో అది ఇంకా ఎక్కువే ఉంటుంది. జపానులోనో ఐరోపాలోనో కూర్చుని “నా ట్రాక్‌కి ఇరవై ఏళ్ళుగా ఏమీ కాలేదు” అన్న పెద్దమనిషి అబద్ధం చెప్పడం లేదు. ఆయన గదిలో చల్లగా ఉంటుంది. అంతే తేడా.

రంగు పొర వేస్తే ఆగదా అని అడుగుతారు. కొంత ఆలస్యమవుతుంది, ఆగదు. ట్రాక్ ఒరిపిడికి చక్రం అంచున ముందుగా పోయేది ఆ రంగే. అల్యూమినియం రేకు పొర మధ్యలో పెడితే నిజంగా ఆగుతుంది, కానీ ట్యాంకు చక్రానికి వెండి రేకు చుట్టుకుని తిరిగే వాళ్ళని నేనింకా చూడలేదు.

అసలు ఈ బెల్టు ట్రాక్ ఎలా వచ్చిందో తెలిస్తే దాని మీద కోపం కొంచెం తగ్గుతుంది. 1960ల ఆరంభంలో జపానులో టమియా సంస్థ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ తయారుచేసింది. మోటారూ బ్యాటరీలూ పట్టేలా ఒళ్ళు పెంచితే కొలత 1:35కి వచ్చింది. ఆ తర్వాత లోకమంతా ఆ కొలతనే పట్టుకుంది. నడిచే బొమ్మకి వంగే బెల్టు కావాలి కాబట్టి బెల్టు వచ్చింది. మోటారు పోయి చాలా కాలమైనా బెల్టు మాత్రం చాలా డబ్బాల్లో ఉండిపోయింది. నడవని బొమ్మకి నడిచే చెప్పులన్నమాట.

ఈ మధ్య వచ్చే బెల్టుల్లో అన్నీ పీవీసీ కావు. కొన్ని పాలిస్టైరీన్ జిగురుతోనే అతికే కొత్త పదార్థాలు. కొన్ని పాలిథీన్ జాతివి. పాలిథీన్ చక్రాన్ని కరిగించదు గాని దానికి రంగూ అంటదు, జిగురూ అంటదు. ఏది ఏదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. ట్రాక్ చివరినుంచి చిన్న ముక్క కోసి గ్లాసుడు నీళ్ళలో వేసి, బుడగలు అంటకుండా పుల్లతో ఒకసారి ముంచండి. తేలితే పాలిథీన్ జాతి. మునిగితే పీవీసీ కావచ్చు, వేరేది కావచ్చు. అప్పుడు ఇంకో పరీక్ష. కిట్టులో విడిభాగాలు అతికి ఉండే చట్రం ముక్క ఒకటి తీసుకుని, దానికి ఆ ట్రాక్ ముక్కని దారంతో గట్టిగా కట్టి, ఒక డబ్బాలో పెట్టి మే నెలంతా మేడ మీద వదిలేయండి. పరిశ్రమల్లో దీన్నే వేగవంతమైన కాలపరీక్ష అంటారు, అందుకు ఓవెన్లు కొంటారు. మనకి ఆ ఓవెన్ ఉచితం. జూన్‌లో విప్పినప్పుడు చట్రం ముక్క మీద గుంట పడి ఉంటే ఆ ట్రాక్ రాయ్‌పూర్‌కి పనికిరాదు. మంటలో పెట్టి రంగు చూసే పద్ధతి కూడా ఉంది, కానీ పీవీసీ కాల్చితే వచ్చే పొగ మంచిది కాదు. ఇంట్లో ఆ పని చేయవద్దు.

ఒకే రెజిమెంటు, రెండు రకాల గొలుసులు

ఇక మొదటి ప్రశ్న, నిజమైన ట్యాంకు ట్రాక్ ఏ రకమన్నది. దీనికి మన వైపు చరిత్రలోనే మంచి ఉదాహరణ దొరుకుతుంది. డెక్కన్ హార్స్ అనే అశ్వదళం పేరు విన్నారా? నిజాం కాలపు హైదరాబాద్ కాంటింజెంట్ గుర్రపు దళాల వారసత్వం దానిది. 1916 జూలై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగాన, హైవుడ్ అనే అడవి దగ్గర ఈ దళం బల్లాలు పట్టుకుని గుర్రాల మీద దాడికి దిగింది. రెండు నెలలు తిరిగేసరికి, సెప్టెంబరు 15న, అదే యుద్ధరంగంలో ప్రపంచంలో మొదటిసారి ట్యాంకులు కనబడ్డాయి. బురదలో గుర్రమూ చక్రమూ చేయలేని పనిని ఇనుప గొలుసు చేయగలదని ఆ రోజు తేలింది.

తర్వాత ఆ దళమే ట్యాంకుల రెజిమెంటు అయింది. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఆసల్ ఉత్తర్ దగ్గర దాని చేతిలో ఉన్నవి షెర్మన్ ట్యాంకులు. 1971 డిసెంబరులో ఛంబ్ రంగంలో అదే రెజిమెంటు టి-54లతో పోరాడింది. ఆరేళ్ళలో ట్యాంకే కాదు, ట్రాక్ తత్వం కూడా మారిపోయింది.

షెర్మన్ ట్రాక్‌లో ఇనుప పిన్నులకు చుట్టూ రబ్బరు బుష్‌లు ఉంటాయి. లింకు తిరిగినప్పుడు ఆ రబ్బరు మెలిపడి, మళ్ళీ తన స్థితికి వెనక్కి లాగుతుంది. అందుకే దీన్ని ప్రాణమున్న ట్రాక్ అంటారు. దాన్ని ఊడదీసి నేల మీద పరిస్తే అంచులు కాస్త లోపలికి ముడుచుకుంటాయి. పైన వెనక్కి తిరిగి వచ్చే భాగాన్ని చిన్న రోలర్లు మోస్తాయి. అది దాదాపు నిటారుగా, బిగుతుగా కనిపిస్తుంది.

టి-54ది చచ్చిన ట్రాక్. అంటే అవమానం కాదు, సాంకేతిక పదమే. ఇనుప లింకుల కన్నాల్లో వట్టి ఇనుప పిన్ను. రబ్బరూ లేదు, స్ప్రింగూ లేదు. ఎలా పెడితే అలా పడి ఉంటుంది. పైన మోసే రోలర్లు కూడా ఈ ట్యాంకుకి లేవు. ట్రాక్ తన బరువుతో తాను వాలి అయిదు పెద్ద చక్రాల నెత్తిన పడుకుంటుంది. చక్రానికీ చక్రానికీ మధ్య చిన్న తోరణంలా కిందికి వేలాడుతుంది. ఈ వంపు లేని టి-54 బొమ్మ మీసం లేని అల్లూరి బొమ్మలాంటిది. ఎవరో పోల్చుకోగలం గాని నమ్మలేం.

మా పెద్దాయనకి నేను పదేళ్ళ కిందట ఇచ్చిన బొమ్మ మీద ట్రాక్ తీగలా బిగిసి ఉండేది. ఇన్నేళ్ళూ ఆయన ఆ మాట అనలేదు. ఇప్పుడు కరిగాక అన్నారు: “ఇంత బిగుతుగా కట్టీసి రోడ్డు మీదకి తీస్తే పిన్నులన్నీ ముందు రోజే పోతాయి మాస్టారూ.” మొహమాటస్థుడు.

కాబట్టి షెర్మన్ కట్టేవాళ్ళు ట్రాక్ మార్చడానికి తొందరపడనక్కరలేదు. పైన చెప్పిన పరీక్షలో నెగ్గిన బెల్టు ట్రాక్ దానికి బాగానే నప్పుతుంది. టి-54కి మాత్రం విడి లింకులు కావాలి. మరో చిక్కు కూడా ఉంది. టి-54, 55లకు తర్వాతి కాలంలో రబ్బరు బుష్‌లున్న కొత్త రకం ట్రాక్ వచ్చింది. దానికి నడిపే పళ్ళ చక్రం కూడా మారింది, 13 పళ్ళ బదులు 14. మార్కెట్లో “టి-55 ట్రాక్” అని రెండూ దొరుకుతాయి. 1971 నాటి బండికి ఆ కొత్త రకం కొని, పాత పళ్ళ చక్రం మీద కూర్చోబెట్టలేక తల పట్టుకున్న వాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తోరణం ఎందుకు వేలాడుతుంది?

ఇక్కడ ఫిజిక్సు చాలా అందంగా ఉంటుంది, కొంచెం ఆగుదాం. రెండు చివర్లు పట్టుకుని వదిలేసిన గొలుసు ఏ వంపు తిరుగుతుంది? 1690లో యాకోబ్ బెర్నూలీ ఈ ప్రశ్నని అందరి ముందూ పెట్టాడు. మరుసటి ఏడాది హైగెన్స్, లైబ్నిజ్, యాకోబ్ తమ్ముడు యోహాన్ బెర్నూలీ జవాబు చెప్పారు. చూడటానికి పారాబోలాలా ఉంటుంది గాని అది కాదు. దాని పేరు కేటనరీ. రాయ్‌పూర్ స్టేషన్లో రైలింజను పైన కరెంటు తీగను మోసే వంపు తీగ చూడండి, రైల్వేవాళ్ళు దాన్ని ఇప్పటికీ కేటనరీ అనే అంటారు.

ఈ వంపులో ఒక తమాషా ఉంది. అది గొలుసు బరువు మీద ఆధారపడదు. చివర్ల మధ్య దూరానికీ గొలుసు పొడవుకీ నిష్పత్తి ఎంతో, అదొక్కటే దాన్ని నిర్ణయిస్తుంది. ఇనుప గొలుసైనా ప్లాస్టిక్ గొలుసైనా, నిష్పత్తి ఒకటే అయితే వంపూ ఒకటే. అంటే 35 రెట్లు కుదించిన ప్లాస్టిక్ ట్రాక్ కూడా నిజమైన దానిలాగే వేలాడాలి. సిద్ధాంతం ప్రకారం లోహపు ట్రాక్ కొనడానికి కారణమే లేదు!

మరి ఆచరణలో ప్లాస్టిక్ లింకులు మొండికేసి నిలబడతాయి ఎందుకని? సిద్ధాంతం స్వేచ్ఛగా తిరిగే కీలుని ఊహించుకుంటుంది. మన కీళ్ళలో రాపిడి ఉంటుంది, మీద రంగు పడితే జిగట కూడా. లింకుని కిందికి తిప్పే బలం దాని బరువు, పొడవుల లబ్ధం. కొలత తగ్గితే బరువు ఘనంలో పడిపోతుంది, పొడవుతో కలిపి నాలుగో ఘాతంలో. కీలులో అంటుకుపట్టే జిగట మాత్రం తాకే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. పొడవుతో కలిపినా మూడో ఘాతంలోనే తగ్గుతుంది. అంటే 1:35కి వచ్చేసరికి జిగటది పైచేయి 35 రెట్లు పెరిగినట్టు. చీమ గోడ ఎక్కగలిగి ఏనుగు ఎక్కలేకపోవడానికి వెనక ఉన్న లెక్కే ఇక్కడా పనిచేస్తోంది.

ఇప్పుడు లోహపు ట్రాక్ ఎందుకు మెప్పిస్తుందో తెలుస్తోంది. పాలిస్టైరీన్ సాంద్రత నీటికంటే కాస్త ఎక్కువ, 1.05. తగరం, సీసం కలిపిన తెల్ల లోహాలది దానికి ఏడు నుంచి పది రెట్లు. ఆ అదనపు బరువు జిగటని ఓడిస్తుంది. ఫ్రియుల్‌మోడల్ వంటి సంస్థల లోహపు లింకులు తీగ పిన్నులు గుచ్చి వదిలితే వాటంతట అవే చక్రాల మీద వాలిపోతాయి. చూస్తే ముచ్చటేస్తుంది, కాదనను.

అయినా నేను వాటికి ఓటు వేయను, మూడు కారణాలు చెబుతాను. ఒకటి సీసం. తెల్ల లోహం అంటే ఏ ఒక్క మిశ్రమమూ కాదు. కొన్నింట్లో సీసం ఎక్కువ, కొన్ని సీసం లేనివి. డబ్బా మీద సీసం లేదని స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఉందనే అనుకోవాలి. 180 లింకుల కన్నాలు తొలిచి, అంచులు ఆకురాయితో రుద్దితే రాలే పొడి చేతులకీ బల్లకీ అంటుతుంది. పిల్లల మెదడుకి సీసం ఇంతవరకు పరవాలేదన్న హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. మన ఇళ్ళల్లో ఈ పని చేసే బల్ల తరచుగా అన్నం తినే బల్లే. రెండు, వాటిని నల్లబరచడానికి వాడే ద్రావణాలు కూడా ఒట్టి చేతులతో ముట్టుకోదగ్గవి కావు. మూడోది మళ్ళీ మన ఎండ. పాలిస్టైరీన్ మీద చిన్న బరువైనా ఎడతెగకుండా వేలాడితే, వేడి ఎక్కువైతే, అది నెమ్మదిగా సాగుతుంది. వెనక ముందు చక్రాల సన్నటి ఇరుసులు రెండు మూడు వేసవుల్లో లోపలికి వంగిపోతాయి. ట్రాక్ నిక్షేపంగా ఉంటుంది, బండి కాళ్ళు వంకర పోతాయి. పైగా చాలాసార్లు ఆ ట్రాక్ ధర కిట్టు ధరతో పోటీ పడుతుంది. చెవి కంటే దుద్దు బరువైన వ్యవహారం.

బరువు సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. నిజమైన టి-54 సుమారు 36 టన్నులు. 35ని మూడుసార్లు గుణిస్తే 42,875. దాంతో భాగిస్తే 840 గ్రాములు. ఇనుముతో అచ్చుగుద్దినట్టు కుదిస్తే బొమ్మ బరువు అంత ఉండాలి. మన ప్లాస్టిక్ బొమ్మ అందులో చిన్న వంతు. నిజమైన ట్యాంకు ఒక్కో ట్రాక్ వెడల్పు 58 సెంటీమీటర్లు, నేలని తాకే పొడవు సుమారు 384 సెంటీమీటర్లు. రెండు ట్రాక్‌లకు కలిపి చూస్తే చదరపు సెంటీమీటరుకి 0.81 కిలోల ఒత్తిడి. అంత బరువుకి ఇంత తక్కువ ఒత్తిడి కాబట్టే అది పొలాల్లో పోగలదు. మన బొమ్మ నేల మీద మోపే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి కొద్ది గ్రాములే. అందుకే కృత్రిమ మట్టి మీద పెట్టిన బొమ్మ ట్యాంకులు ఎప్పుడూ ఆకులా తేలుతున్నట్టు కనబడతాయి. మట్టి ఆరకముందే వేళ్ళతో నొక్కి ట్రాక్‌ని దించాలి. ఏ ట్రాక్ కొన్నా ఈ పని తప్పదు.

3డి ప్రింటర్లో రెసిన్‌తో తీసిన లింకుల గురించి తొందరగానే ముగిస్తాను. వివరాలు అద్భుతం, లింకు వెనక పోత గుర్తులు కూడా కనిపిస్తాయి. కానీ ఇది వెలుతురుతో గట్టిపడే పదార్థం. సరిగ్గా గట్టిపడని రెసిన్ చర్మానికి ఎలర్జీ తెస్తుంది. గట్టిపడ్డాక కూడా ఎండ తగిలితే ఆ చర్య సాగుతూనే ఉండి పెళుసు చేస్తుంది. కిటికీ పక్క షోకేసులో పెట్టేవాళ్ళు దీని జోలికి పోకపోవడం మేలు. సొంత ప్రింటరు, చేతి తొడుగులు, గాలి ఆడే గది ఉన్నవాళ్ళ మాట వేరు.

రంగు ఎక్కడ నేర్చుకోవాలి

ట్రాక్ ఎంపికతో పాటే రంగు సమస్య వస్తుంది. చాలామంది ట్రాక్‌ని ఇటుక రంగు తుప్పుతో ముంచేస్తారు. సోవియట్ రకం ట్రాక్ లింకులు పోత పోసేది మాంగనీసు ఎక్కువగా ఉన్న ఉక్కుతో. 1882లో ఇంగ్లండులో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ ఉక్కులో మాంగనీసు సుమారు 12 శాతం ఉంటుంది. దీన్ని ఎంత బాదితే అంత గట్టిపడుతుంది. అయస్కాంతానికి అంటదు కూడా. మన రైలు పట్టాలు ఒకదాన్ని ఒకటి దాటే చోట, చక్రం దెబ్బలు ఎక్కువ తినే ఆ క్రాసింగులకు రైల్వే వాడేదీ మాంగనీసు ఉక్కు పోతే. కాబట్టి రాయ్‌పూర్ వాళ్ళు ట్రాక్ రంగు కోసం విదేశీ పుస్తకాలు తిరగేయనక్కరలేదు. ఏదైనా ప్లాట్‌ఫారం చివర నిలబడి, పట్టాలు దిగకుండానే, కిందికి చూడండి. చక్రం తాకే చోట అద్దంలాంటి మెరుపు, పక్కన ముదురు గోధుమ, రాళ్ళ దుమ్ము బూడిద రంగు. నడుస్తున్న ట్యాంకు ట్రాక్ కూడా అంతే. ఎర్ర తుప్పు కనబడిందంటే ఆ బండి కొన్ని వారాలుగా కదలడం లేదని అర్థం.

బండి నడిచినప్పుడు పిన్నులు పక్కకి జారవా అని మనవరాలు అడిగింది. జారతాయి. టి-34 కాలం నుంచీ ఆ వంశపు ట్యాంకుల్లో దానికి వేసిన ఉపాయం నాకు చాలా ఇష్టం. పిన్నుకి తల లోపలివైపే ఉంటుంది. బయటివైపు జారడానికి ఆ తల అడ్డు, లోపలికి జారితే మాత్రం ఆపేది ఏదీ లేదు. ట్యాంకు ఒంటికి ఒక చోట ఏటవాలు ఇనుప దిమ్మ అతికి ఉంటుంది. లోపలికి జారిన పిన్ను తల అటు వచ్చినప్పుడల్లా ఆ దిమ్మ ఒక దెబ్బ కొట్టి మళ్ళీ తన చోటికి నెడుతుంది. నట్టు లేదు, బోల్టు లేదు. ట్యాంకు నడుస్తూ తన గొలుసుని తానే బాగుచేసుకుంటుంది. బొమ్మ మీద ఈ దిమ్మ అతికించడం చాలామంది మరిచిపోతారు.

ఇదంతా బొమ్మల పిచ్చి కదా, విజ్ఞానంతో దీనికి ఏం పని అనే వాళ్ళు ఉంటారు. మా బడిలోనే ఉన్నారు. పదకొండో తరగతి పిల్లలకు వ్యాపనం చెప్పేటప్పుడు నీళ్ళలో సిరా చుక్క వేసి చూపిస్తాం. అది మూడు నిమిషాల్లో అయిపోతుంది, మూడు రోజుల్లో మరిచిపోతారు. కరిగిన ఆ ట్యాంకుని ఈ జూలైలో తరగతికి తీసుకెళ్ళాను. పీరియడ్ అయిపోయినా ఎవరూ లేవలేదు. ఒక పిల్ల తన జామెట్రీ బాక్సు తెరిచి స్కేలు చూసుకుంది. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో సారథ్ అనే ట్రాక్‌ల యుద్ధవాహనాలు తయారవుతాయని చెబితే, అక్కడ ఈ గొలుసు లెక్కలు వేసేవాళ్ళు ఏం చదివి ఉంటారని ఒకడు అడిగాడు. నమూనా కిట్లని బొమ్మల దుకాణానికి వదిలేయకుండా బడి ప్రయోగశాల అలమరాలో ఒక అర ఇవ్వాలని నేను అడుగుతున్నది అందుకే. యుద్ధాన్ని పిల్లలకు ముద్దుచేసి చూపించడం కాదా అన్న సహోద్యోగి అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. ట్రాక్టరూ, బుల్డోజరూ కూడా ట్రాక్‌ల మీదే నడుస్తాయి, వాటితో మొదలుపెట్టినా పాఠం మారదు. కానీ మా ఇంటికి వచ్చింది ట్యాంకు, దాన్ని బాగుచేసి ఇవ్వాల్సింది ఆ బండ్ల కింద పడుకుని పనిచేసిన మనిషికి.

చివరికి నేను ఎంచుకున్నది పాలిస్టైరీన్ విడి లింకులే. కిట్టూ ట్రాకూ ఒకే పదార్థం కాబట్టి ఒకటి ఇంకోదాన్ని తినదు. ఒకే జిగురు, ఒకే రంగు. కీళ్ళు కదిలేవి కాకుండా అతికించేవి తీసుకున్నాను. జిగురు పూర్తిగా ఆరకముందు, సుమారు అరగంట, గొలుసు వంగుతూ ఉంటుంది. ఆ సమయంలో చక్రాల మీద పరిచి, చక్రాల మధ్య దూది ఉండలతో మెల్లగా నొక్కితే ఆ వంపు దానంతట అదే నిలిచిపోతుంది. జిగటతో పోట్లాడే బదులు జిగట చేతనే పని చేయించుకోవడం. పదకొండేళ్ళ పిల్ల చేయగలదు, కిటికీ తెరిచి పెడితే. కరిగిన చక్రాలకి మాత్రం విడి సెట్టు తెప్పించాల్సి వచ్చింది.

ఒక్కో వైపు 90 లింకులు అని లెక్కపెట్టి చట్రం నుంచి కోసి రెండు కుప్పలు పోశాం. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, “కొత్త బండా, పాత బండా?” అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పారు. నడిచేకొద్దీ పిన్నులూ కన్నాలూ అరుగుతాయి, గొలుసు సాగుతుంది. బిగించే చక్రం ముందుకు జరిపి జరిపి ఇక చోటు లేనప్పుడు ఒక లింకు తీసేస్తారు. నేను కాగితం మీద లెక్క వేశాను. లింకు పొడవు 137 మిల్లీమీటర్లు. ఒక్కో కీలు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు అరిగితే చాలు, 90 కీళ్ళకి కలిపి దాదాపు ఒక లింకంత పొడవు పెరుగుతుంది.

“మా వర్క్‌షాపుకి కొత్త బండి ఎప్పుడొచ్చింది గనక,” అన్నారాయన. “అన్నీ పాతవే.”

మనవరాలు ఒక్కో కుప్పలోంచి ఒక్కో లింకు తీసి పక్కన పెట్టింది. బొమ్మ మీద పళ్ళ చక్రాల మధ్య దూరం కూడా చూసుకోవాలి కదా అని పొడిగా ఒకసారి చుట్టి చూశాం. 89 సరిపోయింది, వంపు కాస్త తగ్గింది. ఆయన తల అడ్డంగా ఊపి, బిగించే చక్రాన్ని గోటితో వెనక్కి ఒక పిసరు జరిపారు.